మూడో చుట్టు అనే మూఢనమ్మకం

"స్టార్టర్ చేత ఐదు ఇన్నింగ్స్ వేయిస్తే చాలు, మిగతాది బుల్‌పెన్ చూసుకుంటుంది." అక్టోబర్ వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల బేస్‌బాల్ చూసే మన తెలుగు ఇళ్లలో ఈ మాట వినపడని రోజు ఉండదు. టీవీ వ్యాఖ్యాతలూ అదే అంటారు, జట్ల యాజమాన్యాలూ అదే అంటాయి. దీని వెనకాలే ఇంకో మాట వస్తుంది: "ఐదు ఇన్నింగ్స్ వేసేవాడి కోసం ముగ్గురు నలుగురు కుర్రాళ్లను ట్రేడ్‌లో ధారపోయడం దేనికి?" మొదటి మాట నిజమైతే రెండోదీ నిజమే. మొదటిది అబద్ధం కాబట్టే రెండోది నిలవదు. ఈ రెండు మాటలూ కలిసి ఆటలో అన్నిటికన్నా గొప్ప దృశ్యాన్ని మనకు దూరం చేస్తున్నాయి. ఒక పిచ్చర్, ఒక లైనప్, చివరిదాకా సాగే పోరు: అదీ ఆ దృశ్యం.

క్రికెట్ చూసి పెరిగినవాళ్లం కనుక ముందే ఒక తేడా గుర్తు చేసుకోవాలి. క్రికెట్‌లో బౌలర్‌ని మార్చితే ఆయన ఎక్కడికీ పోడు. నాలుగు ఓవర్ల తర్వాత మళ్లీ బంతి ఇవ్వొచ్చు. బేస్‌బాల్‌లో ఆ వెసులుబాటు లేదు. పిచ్చర్‌ని ఆట నుంచి తీసేశారంటే ఆ రోజుకి ఆయన పని అయిపోయినట్టే, తిరిగి రావడం ఉండదు. కాబట్టి అక్కడ మార్పు అంటే ఒక బౌలర్‌ని కాసేపు పక్కన పెట్టడం కాదు, చేతిలో ఉన్న ఆయుధాన్ని విసిరేయడం.

ఎదుటివారి వాదనను వారికి అన్యాయం జరగకుండా చెప్తాను. లైనప్‌లో తొమ్మిదిమంది బ్యాటర్లు. మొదటి చుట్టులో పిచ్చర్ దగ్గర ఏ బంతులున్నాయో వాళ్లకు తెలియదు. రెండో చుట్టుకి కొంత పసిగడతారు. మూడో చుట్టుకి ఆయన చెయ్యి ఎక్కడినుంచి వస్తుందో, స్లైడర్ ఎటు మళ్లుతుందో కళ్లకు అలవాటైపోతుంది. టామ్ ట్యాంగో, మిచెల్ లిచ్‌మన్, ఆండ్రూ డాల్ఫిన్ రాసిన 'ది బుక్' ఈ సంగతిని అంకెలతో చూపించింది. చుట్టు చుట్టుకీ బ్యాటర్ల రాబడి పెరుగుతుంది. పైగా బుల్‌పెన్ నుంచి, అంటే మార్పు పిచ్చర్ల బృందం నుంచి, వచ్చే రిలీవర్ ఒక్క ఇన్నింగ్సే వేయాలి కనుక ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి వేస్తాడు. స్టార్టర్ చెయ్యీ కాపాడబడుతుంది. మేనేజర్ మనసు చెప్పిన మాట విని పిచ్చర్‌ని ఉంచేస్తే ఏమవుతుందో 2003లో బోస్టన్ చూసింది. ఇదీ వాదన. బలమైనదే. నేనూ ఉద్యోగంలో అంకెలతో బతికేవాణ్ణే, అంకెలంటే నాకు పగ లేదు. నా అభ్యంతరమల్లా అంకె చెప్పని మాటను అంకె నోట పెట్టడం మీదే.

1. సగటు మనిషి మౌండ్ ఎక్కడు

2020 అక్టోబర్ 27. ఆర్లింగ్టన్‌లోని గ్లోబ్ లైఫ్ ఫీల్డ్. కరోనా కారణంగా ఆ ఏడాది వరల్డ్ సిరీస్ మొత్తం ఇక్కడే జరిగింది. ఆరో మ్యాచ్. టాంపా బే రేస్ 1-0తో ముందుంది. బ్లేక్ స్నెల్ డాడ్జర్స్‌ను చేతులు కట్టేసినట్టు ఆడిస్తున్నాడు. ఐదు ఇన్నింగ్స్ దాటి ఒక ఔట్ పడేసరికి ఆయన ఇచ్చినవి రెండే హిట్లు, ఒక్క వాక్ కూడా లేదు, తొమ్మిది స్ట్రైకౌట్లు. వేసిన బంతులు 73. రెండో హిట్ తొమ్మిదో స్థానంలో ఆడే ఆస్టిన్ బార్న్స్ కొట్టిన సింగిల్. ఇక లైనప్ మూడోసారి మొదలవ్వాలి. మేనేజర్ కెవిన్ కాష్ లేచి వచ్చి బంతి తీసేసుకున్నాడు. మూకీ బెట్స్, కోరీ సీగర్ మూడోసారి స్నెల్‌ను చూడకూడదన్నదే తన ఉద్దేశమని మ్యాచ్ తర్వాత ఆయనే వివరించాడు.

తర్వాత జరిగింది అందరికీ తెలుసు. నిక్ యాండర్సన్ వచ్చాడు. బెట్స్ డబుల్ కొట్టాడు. వైల్డ్ పిచ్‌కి బార్న్స్ పరుగు తీశాడు. సీగర్ కొట్టిన గ్రౌండర్‌కి బెట్స్ కూడా ఇంటికి చేరాడు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బెట్స్ హోమ్ రన్. 3-1. సిరీస్ డాడ్జర్స్‌ది.

"ఫలితం చూసి నిర్ణయాన్ని తప్పుపట్టకూడదు" అని నాకు ఎన్నిసార్లు చెప్పారో! ఆ సూత్రాన్ని ఒప్పుకుంటాను. అందుకే ఫలితాన్ని పక్కన పెట్టి, ఆ క్షణంలో చేతిలో ఉన్న సమాచారాన్నే చూద్దాం. మూడో చుట్టు లెక్క వందలమంది పిచ్చర్ల సగటు. అందులో జట్టులో నాలుగో, ఐదో స్టార్టర్‌గా నెట్టుకొచ్చే వాళ్లున్నారు, నూరు బంతులకు చేరువై అలిసిన వాళ్లున్నారు. ఆ రాత్రి మౌండ్ మీద ఉన్నది 2018లో మేటి పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచినవాడు, 73 బంతులే వేసినవాడు. సగటు జ్వరం లెక్క చూసి ఒళ్లు చల్లగా ఉన్నవాడికి మందు వేసినట్టుంది ఆ నిర్ణయం.

ఇంకో అంకె ఉంది, దాన్ని ఎందుకో ఎవరూ ఎత్తరు. 2020 సీజన్లో బెట్స్ కుడిచేతి పిచ్చర్ల మీద .323 కొట్టాడు. ఎడమచేతి వాళ్ల మీద .200 మాత్రమే. స్నెల్‌ది ఎడమచెయ్యి, యాండర్సన్‌ది కుడిచెయ్యి. అంకెల మాట వినడమే ధర్మమైతే ఈ అంకె ఎందుకు చెవికెక్కలేదు? బెట్స్, సీగర్, జస్టిన్ టర్నర్ ముగ్గురూ ఆ రాత్రి స్నెల్ చేతిలో రెండేసిసార్లు స్ట్రైకౌట్ అయ్యారు. ఆరుకి ఆరు. ఆరు చిన్న సంఖ్యే, దాని మీదే వాదన నిలబెట్టను. కానీ పెద్ద సగటు ఒక్కటే పట్టుకుని ఎదురుగా ఉన్న మిగతా ఆధారాలన్నిటినీ పక్కకు తోసేయడాన్ని శాస్త్రం అనరు. తనకు నచ్చిన ఒక్క అంకెను ఏరుకోవడం అంటారు.

2. కొండ అంచు ఎక్కడుంది?

మూడో చుట్టు మొదలవగానే పిచ్చర్ కొండ అంచు నుంచి జారిపడతాడన్నట్టు మాట్లాడతారు. పద్దెనిమిదో బ్యాటర్ దాకా వీరుడు, పంతొమ్మిదో బ్యాటర్‌కి నిస్సహాయుడు! ర్యాన్ బ్రిల్, సమీర్ దేశ్‌పాండే, అబ్రహం వైనర్ అనే గణాంక పరిశోధకులు సరిగ్గా ఈ ప్రశ్ననే తీసుకుని పరీక్షించారు. 2023లో అచ్చయిన వారి అధ్యయనంలో రెండో చుట్టుకీ మూడో చుట్టుకీ మధ్య అలాంటి హఠాత్ పతనానికి బలమైన ఆధారం దొరకలేదు. ఆట సాగేకొద్దీ పిచ్చర్ పదును మెల్లమెల్లగా తగ్గుతుంది, అంతే. మూడో చుట్టు గీత మనం గీసుకున్నది.

ఇది చిన్న తేడా కాదు. మెల్లగా తగ్గేదైతే మేనేజర్ కళ్లు తెరిచి చూడాలి: బంతి వేగం పడిందా, స్లైడర్ మళ్లడం తగ్గిందా, బంతి అనుకున్న చోట పడుతోందా. ఇవన్నీ ఇవాళ బంతి బంతికీ కొలిచి చెప్పే యంత్రాలున్నాయి. అన్ని యంత్రాలు పెట్టుకుని చివరికి "లైనప్ మూడోసారి వచ్చింది" అనే ఒక్క ముక్కతో నిర్ణయం తీసుకుంటే, అది అంకెల పేరుతో చేసే బద్ధకం. రాహుకాలం చూసి ప్రయాణం మానేసినవాడికీ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించదు.

3. దింపి ఎవరిని తెస్తున్నారు?

మొత్తం వాదనలో అతి పెద్ద కన్నం ఇదే. స్టార్టర్ మూడో చుట్టులో తన రెండో చుట్టు కన్నా బలహీనపడతాడు, నిజమే. అయితే పోల్చాల్సింది ఆయన్ని ఆయనతో కాదు. మెట్లు దిగి రాబోతున్న రిలీవర్‌తో పోల్చాలి. కాస్త తగ్గిన ఏస్ (జట్టులో మేటి స్టార్టర్) కూడా మామూలు రిలీవర్ కన్నా మెరుగే కావచ్చు. ఆ లెక్క ప్రతి రాత్రీ, ప్రతి మనిషికీ విడిగా వేయాలి.

స్నెల్ స్థానంలో వచ్చిన యాండర్సన్ అంతకు ముందు వరుసగా ఆరు మ్యాచ్‌ల్లో పరుగులిచ్చి ఉన్నాడు. సీజన్ అంతా గొప్పగా వేసినవాడే, అక్టోబర్ చివరికి అలిసిపోయాడు. "తాజా చెయ్యి" అని కాగితం మీద రాసుకున్నది ఆ రాత్రి బుల్‌పెన్‌లో బాగా అలిసిన చేతుల్లో ఒకటి. స్నెల్ దిగిపోవడం తనకు సంతోషం కలిగించిందన్న సంగతి బెట్స్ కూడా దాచుకోలేదు. ఎదుటి జట్టు ఊపిరి పీల్చుకున్న నిర్ణయం మనకు తెలివైనదెలా అవుతుంది?

ఏడాది ముందు హ్యూస్టన్‌లోనూ ఇదే కథ. 2019 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో జాక్ గ్రైంకీ వాషింగ్టన్‌ను ఆరు ఇన్నింగ్స్ సున్నాకి కట్టేశాడు. ఏడో ఇన్నింగ్స్‌లో ఆంథనీ రెండన్ హోమ్ రన్, వాన్ సోటోకి వాక్. స్కోరు ఇంకా 2-1, ఆస్ట్రోస్ ముందే ఉంది. గ్రైంకీ వేసినవి 80 బంతులే. మేనేజర్ ఏ.జె. హించ్ ఆయన్ని దింపేశాడు. వచ్చిన విల్ హారిస్ బంతిని హోవీ కెండ్రిక్ కుడివైపు ఫౌల్ స్తంభానికి కొట్టాడు: హోమ్ రన్. టైటిల్ వాషింగ్టన్ పాలైంది. హ్యూస్టన్ మరో స్టార్టర్ గెరిట్ కోల్ బుల్‌పెన్‌లో కూర్చునే ఉండిపోయాడు.

2025 సెప్టెంబర్ 30న యాంకీ స్టేడియంలో ఈ రెండు దారులూ ఒకే రాత్రి, ఒకే మైదానంలో పక్కపక్కనే కనిపించాయి. యాంకీస్ పిచ్చర్ మాక్స్ ఫ్రైడ్ ఆరు ఇన్నింగ్స్ దాటి ఒక ఔట్ తీశాడు, పరుగు ఇవ్వలేదు, 102 బంతులకు దింపేశారు. తర్వాత వచ్చిన ల్యూక్ వీవర్ ముగ్గురిని ఎదుర్కొని ఒక్క ఔటూ తీయలేకపోయాడు. అటువైపు రెడ్ సాక్స్ గ్యారెట్ క్రోషే చేతిలో బంతి ఉంచేసింది. 117 బంతులు, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రెండు ఔట్ల దాకా, 11 స్ట్రైకౌట్లు, ఒక్క పరుగు. 3-1తో బోస్టన్ గెలిచింది. ఆ తర్వాత రెండు మ్యాచ్‌లూ ఓడి ఇంటికెళ్లిందన్నదీ నిజం. ఆ రెండింటిలో క్రోషే లేడన్నదీ నిజం.

4. చేతులు నిజంగా కాపాడబడ్డాయా?

ఈ వాదన వినగానే జనం నోరు మూసుకుంటారు. పిచ్చర్ మోచెయ్యి తెగిపోవాలని ఎవరు కోరుకుంటారు? కాబట్టి లెక్కే చూద్దాం. 2024 డిసెంబర్‌లో మేజర్ లీగ్ బేస్‌బాల్ స్వయంగా పిచ్చర్ల గాయాల మీద నివేదిక విడుదల చేసింది. ఒక స్టార్టర్ సగటున వేసే ఇన్నింగ్స్ 2005లో 6.0, 2024కి 5.2. పని తగ్గింది. మరి గాయాలు? పిచ్చర్లను గాయాల జాబితాకెక్కించిన సందర్భాలు అదే కాలంలో 212 నుంచి 485కి చేరాయి. పని తగ్గించినకొద్దీ చేతులు ఎక్కువ విరిగాయి.

కారణం కూడా ఆ నివేదికే చెప్పింది. ఫాస్ట్‌బాల్ సగటు వేగం 2008లో గంటకు 91.3 మైళ్లు, 2024లో 94.2. ప్రతి బంతినీ ఉన్న బలమంతా పెట్టి వేయడం, అంతకంతకూ వేగం కోసం పరుగెత్తడం. "నువ్వు ఐదు ఇన్నింగ్సే వేయాలి, మిగుల్చుకోకు" అని కుర్రాడికి చిన్నప్పటినుంచి నేర్పితే వాడు మిగుల్చుకోడు. పాతకాలపు పిచ్చర్ ఎనిమిదో ఇన్నింగ్స్ కోసం ఒంట్లో కొంత దాచుకునేవాడు. బలహీన బ్యాటర్‌కి ఒక మెట్టు తగ్గించి వేసేవాడు, బేస్‌ల మీద మనుషులున్నప్పుడు పెంచేవాడు. ఆ పొదుపే చేతిని నిలబెట్టింది. పొదుపు నేర్పడం మానేసి, పని గంటలు తగ్గించామని చెప్పుకుంటున్నాం. పిల్లల మోచేతులకు శస్త్రచికిత్సలు చేయిస్తున్న తల్లిదండ్రులు మా ఫ్రిస్కో, ప్లేనో లీగుల్లోనూ ఉన్నారు. చేతులు కాపాడుతున్నామన్న మాట వాళ్ల ముందు కూర్చుని చెప్పగలరా?

5. ఆ ఇన్నింగ్స్ ఎవరు వేస్తారు?

చిన్న కూడిక. సీజన్లో 162 మ్యాచ్‌లు. స్టార్టర్ ఆరు ఇన్నింగ్స్ బదులు ఐదే వేస్తే బుల్‌పెన్ మీద అదనంగా 162 ఇన్నింగ్స్ పడతాయి. సీజన్లో చాలాకాలం జట్టులో పిచ్చర్లు 13 మందికి మించకూడదని నిబంధన. అంటే ఏప్రిల్ నుంచే అరిగిపోతున్న చేతులనే అక్టోబర్‌లో "తాజా" అంటున్నాం. యాండర్సన్ సంగతి మళ్లీ చెప్పనక్కరలేదు.

6. ట్రేడ్ దగ్గర తేలే అసలు రంగు

"ఐదు ఇన్నింగ్స్ చాలు" అన్న నమ్మకం జట్టు కార్యాలయంలోకి వెళ్లగానే బేరంగా మారుతుంది. ఏస్ అనవసరం, ప్రాస్పెక్టులను (ఎదగబోయే కుర్రాళ్లను) దాచుకో. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ 1987 నాటిది. డెట్రాయిట్ డాయల్ అలెగ్జాండర్ కోసం జాన్ స్మోల్జ్ అనే కుర్రాణ్ణి అట్లాంటాకి ఇచ్చేసింది. అలెగ్జాండర్ ఆ సీజన్ చివర్లో 9-0తో డెట్రాయిట్‌ను గట్టెక్కించాడు, కానీ స్మోల్జ్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లాడు. నిజమే, నష్టపోయిన బేరమే. కానీ నలభై ఏళ్లుగా ఒకే పేరు చెప్పాల్సి వస్తోందంటే అలాంటివి ఎంత అరుదో అర్థం కావాలి.

హ్యూస్టన్ 2017 ఆగస్టు 31న, గడువు ముగిసే ఘడియల్లో, జస్టిన్ వెర్లాండర్‌ను తెచ్చుకుంది. ఇచ్చింది ముగ్గురు కుర్రాళ్లను. వాళ్లలో గొప్పవాడవుతాడని అందరూ చెప్పిన ఫ్రాంక్లిన్ పెరెజ్ మేజర్ లీగ్ గడప తొక్కలేదు. వెర్లాండర్ వచ్చాక ఆడిన ఐదు మ్యాచ్‌లూ గెలిచాడు. ఆ అక్టోబర్‌లో యాంకీస్ మీద 124 బంతులతో పూర్తి మ్యాచ్ వేసి, 13 మందిని స్ట్రైకౌట్ చేశాడు. హ్యూస్టన్ వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆ జట్టు మీద తర్వాత బయటపడిన సంకేతాల దొంగతనం బ్యాటర్లకు సంబంధించిన మచ్చ. వెర్లాండర్ చెయ్యి చేసిన పనిని అది చెరపదు. 2008లో మిల్వాకీ సి.సి. సబాథియాని తెచ్చుకుంది. 17 మ్యాచ్‌ల్లో ఏడు పూర్తిగా ఆయనే వేశాడు, 11 విజయాలు, 2 ఓటములు. ఆ జట్టు 1982 తర్వాత మొదటిసారి పోస్ట్ సీజన్‌లో అడుగు పెట్టింది.

ఇక మా ఊరి మాట. 2023 జులై చివర్లో టెక్సాస్ రేంజర్స్ ఇద్దరు స్టార్టర్లను ట్రేడ్‌లో తెచ్చింది: మాక్స్ షెర్జర్, జోర్డన్ మాంట్‌గోమరీ. "భవిష్యత్తుని తాకట్టు పెట్టారు" అని అప్పుడు నాతో వాదించినవాళ్ల పేర్లు నాకు గుర్తున్నాయి. లీగ్ ఫైనల్ మొదటి మ్యాచ్‌లో హ్యూస్టన్ మీద మాంట్‌గోమరీ ఆరు ఇన్నింగ్స్ దాటి పరుగు ఇవ్వలేదు, 2-0తో గెలిచాం. నవంబర్ 1న ఫీనిక్స్‌లో వరల్డ్ సిరీస్ చివరి మ్యాచ్. నేథన్ ఇవాల్డీ ఆ రాత్రి తడబడుతూనే ఉన్నాడు, ఐదు వాక్‌లు ఇచ్చాడు, ఇన్నింగ్స్ ఇన్నింగ్స్‌కీ బేస్‌ల మీద మనుషులు. పుస్తకం ప్రకారమైతే నాలుగో ఇన్నింగ్స్‌కే దింపాలి. బ్రూస్ బోచీ దింపలేదు. ఎదురుగా ఉన్న మనిషి కళ్లలోకి చూశాడు. ఆరు ఇన్నింగ్స్, సున్నా పరుగులు, 5-0. ఫ్రాంచైజీ చరిత్రలో మొదటి టైటిల్. బోచీకి మేనేజర్‌గా అది నాలుగోది. 2014 వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో మ్యాడిసన్ బమ్‌గార్నర్‌ను రెండు రోజుల విరామంతోనే తెచ్చి చివరి ఐదు ఇన్నింగ్సూ వేయించిన మేనేజర్ కూడా ఆయనే.

టాంపా బే తన దారిన తాను వెళ్లింది. ఆ ఆరో మ్యాచ్ అయిన రెండు నెలలకే స్నెల్‌ను నలుగురు కుర్రాళ్ల కోసం శాన్ డియేగోకి ఇచ్చేసింది. ఆ తర్వాత 2025 దాకా మళ్లీ వరల్డ్ సిరీస్ ముఖం చూడలేదు.

"డబ్బున్న జట్లకు చెల్లుతుంది, పేద జట్లకు ఎలా?" అంటారు. సరైన ప్రశ్నే. అయితే జవాబు కూడా అందులోనే ఉంది. ఏస్ అనవసరమైతే, అంకెల విభాగం మీద అంత ఖర్చు పెట్టే డాడ్జర్స్ యోషినోబు యమమోతోకి 12 ఏళ్లకు 32.5 కోట్ల డాలర్లు ఎందుకిచ్చింది? పేద జట్టుకు ఏస్‌ను కొనే శక్తి లేదన్నది బాధపడాల్సిన నిజం. ఆ లేమికి తత్వం రంగు పూసి "ఏస్ అక్కర్లేదు" అని అభిమానికి అమ్మడం మోసం.

7. 2003 దెయ్యం

ఆ ఏడాది బోస్టన్ మేనేజర్ గ్రేడీ లిటిల్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో పెడ్రో మార్టినెజ్‌ను ఉంచేశాడు, 5-2 ఆధిక్యం కరిగిపోయింది. ఒప్పుకున్నాను. 2015 వరల్డ్ సిరీస్‌లో మేనేజర్ టెర్రీ కాలిన్స్ మ్యాట్ హార్వీని తొమ్మిదో ఇన్నింగ్స్‌కి పంపి దెబ్బతిన్నాడు. అదీ ఒప్పుకున్నాను. కానీ పెడ్రో అప్పటికే నూరు బంతులు దాటాడు, హిట్ మీద హిట్ పడుతోంది, అలసట మైదానం అంతటికీ కనిపిస్తోంది. హార్వీ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మొదటి బ్యాటర్‌కి వాక్ ఇచ్చాకైనా దింపాల్సింది. ఈ రెండు తప్పులూ కళ్లముందున్న మనిషిని చూడకపోవడం వల్లే జరిగాయి. 73 బంతులకు స్నెల్‌ను దింపడమూ అదే తప్పు. లిటిల్ అభిమానంతో చూడలేదు, కాష్ సగటుతో చూడలేదు. పిచ్చర్‌ని ఎప్పటికీ దింపవద్దని నేననడం లేదు. చూసి దింపమంటున్నాను.

8. "స్నెల్ వల్ల కాదు"

చివరికి మిగిలేది ఈ వాదన. 2020లో స్నెల్ ఒక్క మ్యాచ్‌లోనూ ఆరు ఇన్నింగ్స్ పూర్తి చేయలేదు, కాబట్టి ఆ రాత్రీ చేయలేడని. పక్షిని పంజరంలో పెట్టి, ఎగరడం దానికి చేతకాదని తీర్పు చెప్పడం ఇది. ఆ ఏడాదంతా ఆయనను ఆరో ఇన్నింగ్స్ దాటనివ్వని జట్టే ఆయనకు ఆరో ఇన్నింగ్స్ దాటే శక్తి లేదంది. అదే టాంపా బేలో 2011లో జేమ్స్ షీల్డ్స్ ఒక్క సీజన్లోనే 11 పూర్తి మ్యాచ్‌లు వేశాడు. 2024లో మేజర్ లీగ్ 30 జట్లూ కలిపి 28 పూర్తి మ్యాచ్‌లు వేశాయి.

2025 అక్టోబర్ 13న మిల్వాకీలో ఆ వాదనకు సమాధానం వచ్చింది. మిల్వాకీ ఆ ఏడాది 97 విజయాలతో మేజర్ లీగ్ మొత్తంలో మొదటి స్థానంలో నిలిచిన జట్టు, ఆ రాత్రి స్టార్టర్ బదులు రిలీవర్‌తోనే ఆట మొదలుపెట్టింది. డాడ్జర్స్ తరఫున మౌండ్ ఎక్కింది బ్లేక్ స్నెల్. ఈసారి మూడో చుట్టు వచ్చిందని బంతి ఎవరూ తీసుకోలేదు. ఎనిమిది ఇన్నింగ్స్. 103 బంతులు. 10 స్ట్రైకౌట్లు, ఒక్క హిట్, వాక్ లేదు, పరుగు లేదు. డాడ్జర్స్ 2-1తో గెలిచింది. మర్నాడు యమమోతో తొమ్మిది ఇన్నింగ్సూ తానే వేశాడు. నాలుగు మ్యాచ్‌ల్లో మిల్వాకీ చేసినవి మొత్తం నాలుగు పరుగులు.

ఆ రాత్రి మిల్వాకీ లైనప్ మూడోసారి స్నెల్ ముందుకు వచ్చింది. ఒక్కరూ బేస్ చేరలేదు.